సమస్యాపూరణం: ఎడమచేయి పడగ నెదిగె పాట

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

*ఎడమచేయి పడగ నెదిగె పాట*

ఇది జాజ్ పియానో కళాకారిణి స్వీట్ ఎమ్మా బారెట్ గురించి. 1897లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో పుట్టింది. పియానో తనంతట తానే నేర్చుకుంది. 1923లో టక్సీడో అనే జాజ్ బ్యాండ్‌లో చేరింది. సొంత పేరుతో రికార్డు వచ్చేసరికి 1961, అప్పటికి అరవై దాటింది. అదే ఏడు ఆ ఊళ్లో మొదలైన జాజ్ కచేరీల వేదిక ప్రిజర్వేషన్ హాల్‌లో ఎర్ర టోపీ పెట్టుకుని, మోకాళ్ల దగ్గర పట్టీలకు గజ్జెలు కట్టుకుని వాయించేది. కాలు ఆడిస్తే అవీ మోగేవి. 1967లో పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఆమె మానలేదు. 1983 జనవరిలో పోయేదాకా కుడిచేత్తోనే వాయించింది.

పాదం అచ్చుతో మొదలవుతోంది కనుక మూడో పాదం చివర విసంధిని, అంటే సంధి చేయకుండా వదిలేయడాన్ని, ఈసారి పట్టించుకోం.

గోదారిగట్టు: నా ప్రయత్నం.

గజ్జె కట్టి వచ్చి గద్దెపై కూర్చుండి
కుడికరమున నెమ్మ కూర్చె వరుస
పదియునైదు నేండ్లు పట్టు వదలలేదు
ఎడమచేయి పడగ నెదిగె పాట

నిర్వాహకుడు: మొదటి పాదం చాలా నచ్చింది. మన పద్యాల్లో గజ్జె అనగానే అలంకారం అనుకుంటాం, ఇక్కడ అది ఉన్న విషయమే. మూడో పాదం మాత్రం నిలవదు. ఐదు + ఏండ్లు కలిస్తే ఐదేండ్లే, ఉత్వసంధి నిత్యం. మధ్యలో నకారం రాదు. అసలు లెక్క కంటే జబ్బు పేరు చెప్పడమే బలం. ‘పక్షవాత మనక పట్టు వదలలేదు’ అంటే యతి, గణాలు రెండూ సరిపోతాయి.

గోదారిగట్టు: అవును, పొరపాటు నాదే. మీ పాదమే ఉంచుకుంటాను గురువుగారూ.

శంకరాభరణప్రియ: నేను విరుపు మార్చాను. పడగన + ఎదిగె. పడగ నీడన అని.

శేషు నీడ విష్ణు సేదదీరిన రీతి
మెట్టు మెట్టు మీటి మేళవించి
దూరమెంచకుండ దూకుచు లయ నిల్ప
ఎడమచేయి పడగ నెదిగె పాట

జబ్బు రాకముందు మాట ఇది. కింది స్వరం కొట్టి అంతలోనే పైనున్న కార్డ్ (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) మీదికి దూకే ఎడమచేయి పాటకు పడగలా నీడ పట్టింది.

నిర్వాహకుడు: విరుపు అద్భుతం అమ్మా! సమస్య ఇచ్చిన నాకే తట్టలేదు. కానీ ఆ దూకుడు న్యూయార్క్ హార్లెమ్ వాళ్ల స్ట్రైడ్ బాణీ. జేమ్స్ పి. జాన్సన్, ఫ్యాట్స్ వాలర్ పేరు తెచ్చుకున్నది దాంతోనే. ఎమ్మాది బ్యాండ్ పియానో. కార్డ్‌లను దరువులా గట్టిగా కొట్టి వెనక నిలబడే వాయింపు. పద్యం బాగుంది, చేయి మాత్రం వేరేవాళ్లది.

శంకరాభరణప్రియ: ఒప్పుకుంటున్నాను. వాలర్ మీద పద్యంగా దాచుకుంటాను.

భజనమండలి: ఒంటికంబమైన నొరగదు పందిరి
తోటివారు పట్టి తోడు నిలువ
బ్యాంజొ బాసు రెండు భారమ్ము మోసెను
ఎడమచేయి పడగ నెదిగె పాట

ఒక సందేహం. పాట నిజంగా ‘ఎదిగిందా’? జాలితో అంటున్నామా? 1964లో మినియాపొలిస్‌లో గథ్రీ థియేటర్‌లో తీసిన ఎమ్మా బ్యాండ్ రికార్డు వింటుంటాను. అప్పటికి రెండు చేతులూ బాగున్నాయి. ఇమాన్యుయెల్ సేల్స్ బ్యాంజో, స్లో డ్రాగ్ పావజో బాసు (రెండూ తీగల వాద్యాలే) పక్కన ఆమె ఎడమచేయి కూడా దరువే వేస్తుంది. ఆ చేయి పోతే దరువు ఆగదు, అది మోయడానికి ఇద్దరున్నారు. కుడిచేతిలో వరుస మిగులుతుంది. అందుకే అలా రాశాను.

నేను మా ఊరి గుడిలో హార్మోనియం వాయిస్తాను. మాకు ఒంటిచేతి పాట కొత్త కాదు. కుడిచేయి మెట్ల మీద, ఎడమచేయి తిత్తి మీద. వినేవాళ్లు కుడిచేయే చూస్తారు. ఒకసారి ఎడమ మణికట్టు బెణికి తిత్తి కొట్టలేకపోతే మా మేనల్లుడు వెనక కూర్చుని గంటసేపు కొట్టాడు. మొదటి పదం పాడేదాకా నాకు ఒకటే టెన్షన్. నేనెక్కడ ఊపిరి తీసుకుంటానో వాడికి తెలుసు, గాలి ఒక్కచోట కూడా తగ్గలేదు.

నిర్వాహకుడు: అన్నగారూ, పందిరి కంటే మీ తిత్తి గొప్పది. అదే పద్యంలోకి తెండి.

భజనమండలి: రాత్రి కూర్చుని మార్చాను.

ఊపిరూదినట్టు లొక్కటై తోడుగా
తిత్తి కొట్టి నిలిపి తీరు చెడక
బ్యాంజొ బాసు రెండు భారమ్ము మోయంగ
ఎడమచేయి పడగ నెదిగె పాట

నిర్వాహకుడు: ఊ – ఒ స్వరయతి చక్కగా కుదిరింది. ఇప్పుడు ‘ఎదిగె’ అన్నది జాలిమాట కాదు. ఈ వారం పూరణ ఇదే.

గోదారిగట్టు: మీ మేనల్లుడికి చదివి వినిపించారా అన్నగారూ?

భజనమండలి: వినిపించాను. వచ్చే శనివారం భజనకు తిత్తి తనే కొడతానన్నాడు.