గాలే లేనిచోట రాకెట్ దేనిని నెట్టి ముందుకు పోతుంది?

ప్రశ్న:
శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ ఎగరడాన్ని టీవీలో చూస్తూ, దాని మంట కింది నేలనూ గాలినీ నెట్టడం వల్లనే అది పైకి లేస్తుందని తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి చెప్పాను. మరి గాలి లేనిచోట దేనిని నెడుతుందని వాడు అడిగితే జవాబు తోచలేదు. తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
అబ్బాయి సందేహమే సరైనది, మీరు చెప్పిన కారణమే సరికాదు. పులికాట్ సరస్సులో నిశ్చలంగా ఉన్న ఒక చిన్న పడవను ఊహించండి. పడవా, అందులోని మనిషీ కలిసి 150 కిలోలు అనుకుందాం. అతడు 3 కిలోల రాయిని సెకనుకు 5 మీటర్ల వేగంతో వెనక్కి విసిరితే, రాయి ఎంత ద్రవ్యవేగంతో (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) వెనక్కి పోయిందో అంతే ద్రవ్యవేగం పడవకు ముందువైపు రావాలి గనుక, నీటి నిరోధాన్ని పక్కన పెడితే పడవ సెకనుకు 10 సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. రాయి చేతిని వీడేసరికే పడవకు ఆ వేగం వచ్చేసింది. తరువాత అది నీటిలో పడినా, గట్టున పడినా ఒకటే. రాకెట్ వాయువును విసురుతుంది, అంతే తేడా. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలోని దాదాపు 138 టన్నుల ఘన ఇంధనం రెండు నిమిషాల లోపే కాలిపోతుంది. అంటే సెకనుకు సుమారు 1.3 టన్నులు. ఆ వాయువు సెకనుకు 2.5 కిలోమీటర్ల వేగంతో బయటపడుతుందనుకుంటే, తోపుడు బలం 32 లక్షల న్యూటన్ల పైమాటే. బూస్టర్లు (పక్కన అమర్చే అదనపు రాకెట్లు) లేని పీఎస్‌ఎల్‌వీ బరువు 23 లక్షల న్యూటన్లకు మించదు, అందుకే అది పైకి లేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అయితే చర్య, ప్రతిచర్య సమానమైనప్పుడు ఒకదానినొకటి రద్దు చేసుకోవాలి కదా?

జవాబు 2:
రద్దు కావాలంటే రెండూ ఒకే వస్తువుపై పనిచేయాలి. ఇక్కడ ఒకటి వాయువుపై, మరొకటి రాకెట్‌పై పనిచేస్తున్నాయి. దహన గదిలోని వాయువు అన్ని గోడలనూ ఒత్తుతుంది. పక్క గోడలపై ఒత్తిళ్లు ఎదురెదురుగా సరిపోతాయి, కానీ పైగోడకు ఎదురుగా, వాయువు బయటికి పోయే నాజిల్ రంధ్రం ఉన్నందున అక్కడి ఒత్తిడికి సరిజోడు లేదు. రాకెట్‌ను తోసేది ప్రధానంగా ఆ మిగులే.

జవాబు 3:
ఒక్క మాట చేరుస్తాను. బయటి గాలి నాజిల్ ద్వారం వద్ద ఎదురు ఒత్తిడి కలిగిస్తుంది కాబట్టి, పైకి పోయి గాలి పలచబడేకొద్దీ అదే ఇంజన్ మరింత బలంగా తోస్తుంది. మీరు పడిన పొరపాటే పెద్ద పత్రికలూ పడ్డాయి లెండి: శూన్యంలో రాకెట్ పనిచేయదంటూ 1920లో అమెరికన్ రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్‌ను ఎగతాళి చేసిన న్యూయార్క్ టైమ్స్, అపోలో 11 బయలుదేరిన మరునాడు, 1969 జులై 17న, తన తప్పును సరిదిద్దుకుంది.