పాత బీఎస్‌ఏ ఎయిర్ రైఫిల్: అసలు రూపంలోనే ఉందా, మెరుగు పెట్టారా?

కోవెంట్రీ_తెలుగు:
బర్మింగ్‌హామ్‌లో ఒక డీలర్ దగ్గర లింకన్ జెఫ్రీస్ అనే తుపాకుల తయారీదారు డిజైన్ చేసిన బీఎస్‌ఏ (బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ) ఎయిర్ రైఫిల్ అమ్మకానికి ఉంది. .22 అంగుళాలది, స్ప్రింగ్ బిగించే లివర్ గొట్టం కింద ఉంటుంది. 1914కి ముందుదనీ, దేన్నీ మార్చలేదనీ అంటున్నాడు. కానీ బ్లూయింగ్ (ఇనుము మీది నల్లటి పూత) నిగనిగలాడుతోంది, చెక్క మీద వార్నిష్ కొత్తగా ఉంది. ఏమేం చూడాలి? ధర ఎలా కట్టాలి? హైదరాబాద్‌కి పంపడం కుదురుతుందా?

టాప్‌లోడర్:
ముందు సిలిండర్ (స్ప్రింగ్, పిస్టన్ ఉండే గొట్టం) మీద రాత, మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బీఎస్‌ఏ ముద్ర చూడండి. వాటి అంచులు గోటికి తగలాలి. బఫింగ్ చక్రం పెడితే అంచులు కరిగిపోతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ చిన్న పల్లం పడుతుంది. టార్చి ఏటవాలుగా పట్టండి. సిలిండర్ పొడవునా వెలుగు గీత తిన్నగా సాగాలి, అలలుగా వంకర్లు పోతే అరగదీసినట్టే. నలుపు కింద తుప్పు గుంటలు కనిపిస్తే ఇక వాదనే అక్కర్లేదు, ఫ్యాక్టరీలో గుంటల మీద పూత వేయరు.

తర్వాత చెక్క, ఇనుము కలిసే చోట వేలు జరపండి. చెక్క ఇనుముతో సమంగానో, వెంట్రుకవాసి ఎత్తుగానో ఉండాలి. ఇనుము కంటే కిందికి దిగితే ఇసుక కాగితం పడింది.

సీరియల్ నంబరు ముఖ్యం. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆగిన తయారీ 1919లో మళ్లీ మొదలైంది. నంబరు ముందు ఎల్, ఎస్ వంటి అక్షరాలు అప్పటి నుంచి వచ్చినవే. బోరు (గొట్టం లోపలి వ్యాసం) అంకె కూడా సరిచూడండి: 1 అంటే .177 అంగుళాలు, 2 అంటే .22, 3 అంటే .25. అంకె ఒకటి, గొట్టం ఇంకోటి అయితే బ్యారెల్ మార్చారు.

తోలువాషర్:
పైపూత కంటే నేను టాప్‌కే, అంటే పెల్లెట్ వేసే తిరిగే ప్లగ్గుకే, ఎక్కువ విలువిస్తాను. దాన్ని ఏ తుపాకీకి ఆ తుపాకీకే చేత్తో అరగదీసి కూర్చేవారు, ఇంకో దానిది తెచ్చి పెడితే గాలి కారుతుంది. పరీక్ష తేలికే. డీలర్ రేంజిలో పెల్లెట్ వేసి, టాప్ చుట్టూ పల్చటి టిష్యూ కాగితం చుట్టి పేల్చమనండి. కాగితం ఎగిరిందంటే లీకే. పెల్లెట్ లేకుండా మాత్రం పేల్చనివ్వకండి, పిస్టన్ దెబ్బ మెత్తబడక స్ప్రింగ్ పాడవుతుంది.

గురి కుదరడం లేదని బ్యారెల్‌ని తప్పుపట్టొద్దు. ఈ పాత .22లకు ఇప్పటి 5.5 మి.మీ. పెల్లెట్ వదులు, 5.6 తీసుకోండి. పిస్టన్ తోలు వాషర్ ఎండితే టాప్ లోంచి రెండు మూడు చుక్కలు నీట్స్‌ఫుట్ ఆయిల్ (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె) వేసి, గొట్టం పైకి పెట్టి రాత్రంతా నిలబెట్టండి. మినరల్ ఆయిల్ వద్దు, ఒత్తిడికి లోపలే అంటుకుంటుంది. స్ప్రింగ్, వాషర్ మార్చినంత మాత్రాన విలువ పోదు, పాతవి దాచి ఉంచితే చాలు.

వేలంపాట:
అడిగే ధరలు చూడకండి, వేలంలో నిజంగా అమ్ముడైన ధరలకు కొనేవాడు కట్టే కమీషన్ కలిపి లెక్క కట్టండి. అరిగినా అసలు పూత ఉన్నదే మెరుగు పెట్టినదాని కంటే పైన. బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ రూపంలో కొద్ది సంఖ్యలోనే చేసిన 'మిలిటరీ' మోడల్ అని ఎవరైనా చూపిస్తే రెండింతలు జాగ్రత్తపడండి, మామూలువాటిని అలా మార్చి అమ్మేందుకు ఆశ ఎక్కువ.

హైదరాబాద్ ఆలోచన మానుకోండి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు 4.5 మి.మీ. దాటినా, శక్తి 20 జౌళ్లు దాటినా లైసెన్సు కావాలి. మీది ఎంత బలహీనంగా ఉన్నా బోరు దగ్గరే ఆగిపోతుంది. దిగుమతి అనుమతి మళ్లీ వేరే. ఇంగ్లండ్‌లో 12 అడుగు-పౌండ్ల లోపు అయితే సర్టిఫికెట్ అక్కర్లేదు, స్కాట్లండ్‌లో మాత్రం 2016 చివరి నుంచి కావాలి.

కోవెంట్రీ_తెలుగు:
చూసొచ్చానండీ. ముద్రలో తుపాకుల అంచులు అరిగాయి, నంబరు ముందు ఎస్ ఉంది. టిష్యూ కదల్లేదు.

టాప్‌లోడర్:
అయితే అది 1919 తర్వాతిది, బఫింగ్ కూడా జరిగింది. టాప్ బాగుంది కాబట్టి వాడుకోవడానికి మంచి తుపాకే. మెరుగు పెట్టిన స్టాండర్డ్ మోడల్ ధర మాత్రమే ఇవ్వండి, బిల్లులో 'రీబ్లూ చేసినది' (పూత మళ్లీ వేసినది) అని రాయించుకోండి. రాయనంటే వదిలేయండి.