పాత మిల్లు డాబా మీద రెండు డ్రమ్ముల సైరన్: ఏ కాలందో చెప్పగలరా?

కాలవగట్టు:
నమస్తే అండీ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మూతపడ్డ రైసు మిల్లొకటి పడగొడుతున్నారు. దాని డాబా మీద ఉన్న సైరన్ని వచ్చే వారం తుక్కు కింద కాటాకి వేసేస్తారని తెలిసి, నేనే కొనుక్కుంటానని మేస్త్రీని బతిమాలి ఆపాను. మధ్యలో మోటారు, దానికి రెండు పక్కలా పోత ఇనప డ్రమ్ములు, పైన వాన పడకుండా రేకు గొడుగు. డ్రమ్ముల చుట్టూ నిలువు కిటికీలున్నాయి. నిచ్చెనేసుకుని ఎక్కి సుద్దముక్కతో గీతలు పెట్టుకుంటూ రెండుసార్లు లెక్కేశాను, ఎడమ పక్క 10, కుడి పక్క 12. నేమ్‌ప్లేటులో కంపెనీ పేరున్న మూలని తుప్పు తినేసింది, కింది వరుసలో '3 ఫేజ్, 50 సైకిల్స్' అని మాత్రం చదవగలిగాను. 1942లో కాకినాడ మీద జపాన్ వాళ్ళు బాంబులేసినప్పటిదని ఊళ్ళో అంటున్నారు. నిజమేనంటారా?

పాత మోటార్లు:
ముందొక మాట, దానికి కరెంటు ఇవ్వకండి. ఏళ్ళ తరబడి వానలో తడిసిన వైండింగ్ కాలిపోతుంది, బేరింగ్ పట్టేసి ఉంటే లోపలి రోటర్ పగిలినా పగులుతుంది. మెగ్గర్ (వైండింగ్ ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెట్టి చూపించాకే ఏదైనా.

కిటికీలు లెక్కపెట్టి మంచి పని చేశారు. లోపల రోటర్ తిరుగుతూ ఆ కిటికీల్ని మూస్తూ తెరుస్తూ ఉంటే గాలి ముక్కలు ముక్కలుగా బయటికొస్తుంది, ఆ ముక్కలే మోత. 50 సైకిల్స్ మీద రెండు పోళ్ళ (అయస్కాంత ధ్రువాల) మోటారైతే నిమిషానికి 2,850 చుట్లు తిరుగుతుందనుకోండి, 12 కిటికీల వైపు సెకనుకి 570 ముక్కలు, 10 కిటికీల వైపు 475. అంటే ఒకేసారి రెండు గొంతులు. ఈ 10-12 జోడీ బ్రిటిష్ సైరన్లలోనూ ఉంది, అమెరికా వాటిలోనూ ఉంది కాబట్టి దీన్నిబట్టి కంపెనీ తేల్చలేం. 'హెర్ట్జ్' అని కాకుండా 'సైకిల్స్' అని ఉందంటే పాతదనే గుర్తు, కానీ ఆ మాట 1960ల్లోనూ ప్లేట్ల మీద వేసేవారు. బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న, అది నిజమే, ఈ సైరన్ అప్పటిదనడానికి మాత్రం అదొక్కటీ సరిపోదు.

కింద గోడకి స్టార్టర్ పెట్టె ఉందేమో చూడండి. వైమానిక దాడి హెచ్చరికకి మోత పైకీ కిందకీ ఊగాలి, ప్రమాదం తప్పిందని చెప్పడానికి ఒకే తీరుగా మోగాలి. కరెంటుని ఆపుతూ ఇస్తూ ఉండే ఏర్పాటు పెట్టెలో ఉంటే హెచ్చరిక కోసం పెట్టిందే అనుకోవచ్చు. లేకపోయినా కాదని అనలేం, చేత్తో స్విచ్ వేస్తూ తీస్తూ కూడా ఊగించేవారు.

సన్నాయి:
నేను నాదస్వరం వాయిస్తానండీ, ఈ లెక్క చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. 10కి 12 అంటే 5కి 6. పది కిటికీల వైపుని షడ్జం (స) అనుకుంటే పన్నెండు వైపు పలికేది సాధారణ గాంధారం, దిగులు పలికించే 'గ'! చిన్నప్పుడు మా ఊరి మిల్లు కూత వింటే గుండెల్లో ఎందుకో దిగులుగా ఉండేది, ఇప్పుడర్థమైంది. 86 వరదలో కరెంటు పోయేదాకా అదే కూత ఆపకుండా వేశారు. మా అమ్మ బియ్యం డబ్బా అటక మీదకి ఎక్కించింది ఆ మోత వింటూనే. తుక్కులో వేయనివ్వకండి, పుణ్యముంటుంది.

పాత మోటార్లు:
మరొకటి. నేమ్‌ప్లేటుని గరుకు కాగితంతో రుద్దొద్దు, మిగిలిన అక్షరాలూ పోతాయి. దాని మీద పల్చటి తెల్లకాగితం పరిచి పెన్సిల్‌తో పైపైన రుద్దండి, కంటికి కనపడనివి కూడా కాగితం మీద తేలతాయి. డ్రమ్ము అడుగున పోతలో అచ్చు నంబరు ఉంటుంది, కంపెనీ ఆచూకీ దొరికేది సాధారణంగా అక్కడే.

కాలవగట్టు:
చాలా థాంక్స్ అండీ. పొద్దున్నే మళ్ళీ ఎక్కాను. స్టార్టర్ పెట్టె ఎప్పుడో ఊడబీకేశారు, గోడకి నాలుగు బోల్టు రంధ్రాలే మిగిలాయి. రోటర్ని చేత్తో మెల్లగా కదిపితే మొదట రాలేదు, తర్వాత పిచ్చుక గూడు గడ్డి బోలెడు రాలి, ఒక చుట్టు తిరిగింది. డ్రమ్ము అడుగున పోతలో మూడు అంకెలు చేతికి తగులుతున్నాయి, మట్టి గట్టిగా పట్టేసింది. కిరోసిన్ గుడ్డ చుట్టి ఉంచాను, సాయంత్రానికి నానితే కాగితం పెట్టి రుద్ది ఫొటో పెడతాను.