లాన్ కోసిన గడ్డి అక్కడే వదిలేయాలా, ఎత్తేయాలా?

కొంపల్లి_వాసి:
మా గేటెడ్ కమ్యూనిటీలో వానాకాలం వస్తే ఇదే పంచాయితీ. లాన్ కోసిన గడ్డినంతా సంచులకెత్తి గేటు పక్కన పెడతారు, మర్నాటికల్లా కంపు. అదే నెల ఖర్చుల్లో యూరియా బిల్లు. కోసిన గడ్డిలో ఉన్న నత్రజనిని బయటికి పంపి మళ్లీ కొనుక్కోవడమెందుకు? కోసినది అక్కడే వదిలేస్తే ఏం పోయింది?

పద్మ_మిద్దెతోట:
పిల్లల కాళ్లకంటుకుని ఇల్లంతా గడ్డే అవుతుంది, అదీ పోయేది! పైగా అదంతా పేరుకుని అడుగున మెత్తటి పొర కడుతుంది. నీళ్లు దిగవు.

ఫ్రిస్కో_శీను:
పద్మ గారూ, ఆ పొర కోసిన ఆకుల వల్ల రాదండీ. తాజా గడ్డిలో ముప్పాతిక వంతుకు పైగా నీరే, ఇట్టే కుళ్లి మట్టిలో కలుస్తుంది. పొర కట్టేవి లిగ్నిన్ (తొందరగా కుళ్లని గట్టి పదార్థం) ఎక్కువుండే కాండాలు, వేర్లు. కొరియన్ గ్రాస్ అయితే మీరు రోజూ ఊడ్చినా కడుతుంది, యూరియా ఎక్కువైతే ఇంకా తొందరగా. ఇక్కడ టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్లు గడ్డిని సంచులకెత్తొద్దని ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. లాన్‌కు ఏడాదికి కావాల్సిన నత్రజనిలో పావు వంతు దాకా ఆ ముక్కల నుంచే వస్తుంది. కాకపోతే ఒక కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు.

నర్సరీ_మల్లేశ్:
శీనన్నా, ఆ మూడో వంతు లెక్కే మా దగ్గర నడవదు. ఆగస్టులో ముసురు పట్టిందంటే మిషన్ దింపలేం. తెరిపిచ్చేసరికి గడ్డి పాదాలు మునిగేంత పెరుగుతది. అప్పుడు కోస్తే ముద్దలు ముద్దలుగా పడి, కింది గడ్డికి ఎండ తగలక పసుపెక్కుతది, బూజు పడతది. ఆ కోత నేనైతే ఎత్తేస్తా. కలుపు కంకి వేసినా అంతే. ఎండాకాలంలో మాత్రం వదిలేస్తా, నేలకు చల్లదనం.

పద్మ_మిద్దెతోట:
ఎత్తింది గోశాలకిస్తే పుణ్యం కదా?

నర్సరీ_మల్లేశ్:
వద్దక్కా. 2,4-డి కలుపు మందు కొట్టిన గడ్డో కాదో ఎవరికి తెలుసు? కుప్పేసిన పచ్చగడ్డి పూట తిరిగేలోపే లోపల వేడెక్కి పులుస్తది. అది తిని ఆవుకు కడుపుబ్బితే ఎవరు జవాబు చెప్పాలె?

కొంపల్లి_వాసి:
అయితే కంపోస్టే దారి. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంత వరకు ఆవరణలోనే ఎరువు చేసుకోవాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. మేం ఒకసారి గుంట తవ్వాం కూడా. పక్క బ్లాకు వాళ్లు కంపని పూడ్పించారు.

ఫ్రిస్కో_శీను:
ఒట్టి గడ్డే వేసుంటారు. గాలాడక కుళ్లుతుంది. గడ్డికి రెండింతలు ఎండుటాకులు కలిపి, అప్పుడప్పుడు తిరగేస్తే వాసన రాదు. కలుపు మందు కొట్టాక మొదటి రెండు మూడు కోతలు మాత్రం టమాటా మళ్ల దరిదాపుల్లోకి రానివ్వకండి, ఆకులు ముడుచుకుపోతాయి.

పద్మ_మిద్దెతోట:
చెప్పడం తేలికే శీను గారూ! మన దగ్గర ఆకు రాలేది ఫిబ్రవరిలో, గడ్డి పెరిగేది ఆగస్టులో. మధ్యలో ఆ ఎండుటాకుల బస్తాలు ఎవరి పార్కింగ్‌లో పెడదామంటారు?