తొమ్మిదేళ్లుగా మందుల షాపులో చేస్తున్నాను, నా పేరు మీద లైసెన్స్ వచ్చే దారి ఉందా?

ప్రశ్న: గోపాలపట్నం అమ్మాయి

అందరికీ నమస్కారం. ఇంటర్ బైపీసీ అయ్యాక నాన్న ఆరోగ్యం బాగోక చదువు ఆపేసి, విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర ఒక మెడికల్ షాపులో చేరాను. తొమ్మిదేళ్లు అయింది. పొద్దున్న షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి కౌంటర్ నాదే. ఎక్స్‌పైరీ దగ్గరపడిన స్ట్రిప్పులు ఏరి రిటర్న్ పంపడం, ఇన్సులిన్ ఫ్రిజ్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉందో లేదో చూడటం, హెచ్‌వన్ రిజిస్టర్ (కొన్ని యాంటీబయాటిక్స్ లాంటి మందులు ఎవరికి అమ్మామో రాసే పుస్తకం) రాయడం అన్నీ నేనే. గోడ మీద సర్టిఫికెట్ ఉన్న ఫార్మసిస్ట్ గారు నెలకోసారి వస్తారు.

పోయిన నెల ఒకామె నాలుగు నెలల బిడ్డని ఎత్తుకుని వచ్చింది. మందుల చీటీలో పారాసెటమాల్, రెండున్నర ఎం.ఎల్. అని ఉంది. రద్దీలో సిరప్ బదులు డ్రాప్స్ సీసా ఇచ్చేశాను. బిల్లు సరిచూసుకుంటుంటే గుండె ఆగినంత పనైంది. సిరప్‌లో ఐదు ఎం.ఎల్.కి 125 మిల్లీగ్రాములు, డ్రాప్స్‌లో ఒక్క ఎం.ఎల్.కే 100. అంటే బిడ్డకి నాలుగింతలు పడిపోయేది. బస్టాపు దాకా పరిగెత్తి సీసా మార్చి ఇచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సరిగ్గా నేర్చుకుని చెయ్యాలి ఈ పని, అనిపించింది.

ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల ఫార్మసీ టెక్నీషియన్ కోర్సు చేస్తే లైసెన్స్ వస్తుంది, అమెరికాలో కూడా చెల్లుతుంది అంటున్నారు. ఫీజు నలభై ఐదు వేలు. చీటీ పాడి కట్టేద్దామనుకుంటున్నాను. మా బాబాయేమో పూర్వం కాంపౌండర్లకి అనుభవం మీదే ఇచ్చేవారు, నీకూ ఇస్తారు అంటున్నాడు. ఏది నిజం?

జవాబు: మద్దిలపాలెం ఫార్మసిస్ట్

అమ్మా, ఆ చీటీ పాడకు.

నేను ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి ఫార్మసీలో ఉన్నాను. మన చట్టంలో టెక్నీషియన్ అనే రిజిస్ట్రేషనే లేదు. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు రాసిన మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్. ఇంకో మాట. లైసెన్స్ అనేది షాపుకి. ఫారం 20, 21 అని ఔషధ నియంత్రణ శాఖ ఇస్తుంది. మనిషికి వచ్చేది ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. ఈ రెండూ కలిపేసి మాట్లాడేవాళ్ల దగ్గర డబ్బు కట్టొద్దు.

మీ బాబాయి అన్నది అబద్ధం కాదు. ఫార్మసిస్టుల మొదటి రిజిస్టర్ తయారుచేసినప్పుడు ఐదేళ్లు కాంపౌండింగ్ చేసినవాళ్లని కూడా తీసుకున్నారు. ఆ తలుపు ఎప్పుడో మూసేశారు.

నీకున్న దారి డి.ఫార్మసీ, అంటే ఫార్మసీలో డిప్లొమా. బైపీసీ సరిపోతుంది. రెండేళ్లు, హాజరు 75 శాతం ఉండాలి, దూరవిద్యలో కుదరదు. తర్వాత 500 గంటలు ప్రాక్టికల్ ట్రైనింగ్. డిప్లొమా అయ్యాక రిజిస్ట్రేషన్‌కి ముందు రాయాల్సిన ఎగ్జిట్ పరీక్ష నిబంధనలు 2022లో వచ్చాయి, అదీ దృష్టిలో పెట్టుకో. అన్నీ అయ్యాక విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవ్వాలి. కాలేజీలో చేరేముందు దానికి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందో లేదో ఆ వెబ్‌సైట్‌లోనే చూసుకో, వాళ్ల బ్రోచర్ చూసి కాదు.

ఆ డ్రాప్స్ సంగతి చదివి నాకు చెమట పట్టింది. నువ్వు పరిగెత్తడం వల్ల ఒక బిడ్డ బతికిపోయింది. కానీ ఆ భారం ఒక్కదానివే మొయ్యకూడదు. డాక్టరు చీటీ మీద మందు వెళ్లేటప్పుడు ఫార్మసిస్ట్ అక్కడే ఉండి చూసుకోవాలని ఔషధ నిబంధనల్లోని రూల్ 65 చెబుతోంది. మీ ఓనరుతో ఈ మాట అను. భయపడకు, అడిగేది న్యాయమే. అప్పటివరకు పసిపిల్లల మందు ఏదైనా సరే, బిడ్డ బరువు అడుగు, సీసా మీద ఎం.ఎల్.కి ఎంతో తల్లికి చదివి వినిపించు.

జవాబు: డల్లాస్ నుంచి సీతమ్మధార అమ్మాయి

చెల్లీ, నేను ఇక్కడ టెక్నీషియన్‌గానే చేస్తున్నాను. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో పద్ధతి. టెక్సస్‌లో ముందు ట్రైనీగా రాష్ట్ర ఫార్మసీ బోర్డులో రిజిస్టర్ అయ్యాను, తర్వాత టెక్నీషియన్లకి సర్టిఫికెట్ ఇచ్చే పీటీసీబీ అనే సంస్థ పరీక్ష రాశాను. ఆ సర్టిఫికెట్‌ని రెండేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి, ఇరవై గంటల క్లాసులు చూపించాలి. విశాఖ ఇన్‌స్టిట్యూట్ కాగితం నన్నెవరూ అడగలేదు. ఇన్నేళ్లు చేసినా నేను నింపిన సీసా ఫార్మసిస్ట్ చూడకుండా పేషెంటు చేతికి వెళ్లదు.

గోపాలపట్నం అమ్మాయి

మేడం, అక్కా, మీ మాటలు రెండుసార్లు చదివాను. చీటీ పాడటం లేదు. ఇవాళ పొద్దున్నే డ్రాప్స్ అన్నీ పై అరలోకి మార్చి, సిరప్‌లు కింద పెట్టాను. ఓనరుగారిని కూడా అడిగాను. కాలేజీలో సీటొస్తే సాయంత్రం ఐదు నుంచి పదివరకు రమ్మన్నారు, జీతం సగం. ఫార్మసిస్ట్ గారి విషయం మాత్రం ఏమీ చెప్పలేదు. తొమ్మిదేళ్ల గ్యాప్ ఉంటే సీటివ్వరా మేడం?

మద్దిలపాలెం ఫార్మసిస్ట్

గ్యాప్‌కి భయపడకు, మా బ్యాచ్‌లో ఇద్దరు పిల్లల తల్లి ఉండేది. ఇంటర్ మార్కుల మెమో, టీసీ దగ్గర ఉన్నాయా? టీసీ పోయుంటే ముందు నీ కాలేజీకి వెళ్లి ఆ పని చూసుకో. ఓనరుని ఇంకోసారి అడుగు.