బొలెరో వెనక ఏ ట్రెయిలర్? ఇద్దరు పిల్లలు, అత్తయ్య మోకాళ్లు, భాకరాపేట ఘాటు

బైరాగిపట్టెడ_కోడలు:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. బండి 2021 బొలెరో. ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి, 68 ఏళ్ల మా అత్తయ్య. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అయినా ఎక్కడికి బయల్దేరినా అందరికంటే ముందు బండెక్కి కూర్చునేది ఆమే.

పోయిన డిసెంబరులో గండికోటలో అద్దె టెంట్లలో పడుకున్నాం. రాత్రి రెండింటికి వాన పట్టుకుంది. టెంటు అడుగునుంచి నీళ్లొచ్చి పరుపులు నానిపోయాయి. అత్తయ్య తెల్లారేదాకా బొలెరో మధ్య సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకుంది. పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తే "ఈసారి ఇల్లే తెచ్చుకుందాం లేమ్మా" అంది. ఆమె నవ్వులాటకే అంది గానీ మా ఆయన గట్టిగా పట్టుకున్నాడు. అప్పట్నుంచి ఇంట్లో బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లే, లోపల పడుకునే ట్రెయిలర్ల మాట తప్ప ఇంకో మాట లేదు.

తిరిగి తిరిగి రెండు దగ్గర ఆగాం. ఒకటి సెకండ్ హ్యాండ్. 16 అడుగులు, గట్టి బాడీ. లోపల పెద్ద మంచం, పిల్లలకు రైలు బెర్తుల్లా ఒకదానిపై ఒకటి, చిన్న వంటగట్టు, వెనక మూలన టాయిలెట్. ఖాళీ బరువు 1,050 కిలోలని అమ్మేవాడు చెప్పాడు. 4 లక్షల 60 వేలు. రెండోది కొత్తది, మడతపెట్టే రకం. మూత ఎత్తితే రెండు పక్కలా మంచాలు బయటికొస్తాయి, పైన కాన్వాస్ గుడారం లేస్తుంది. స్టవ్ వెనక సొరుగులో ఉంటుంది. టాయిలెట్ లేదు. 480 కిలోలు, 3 లక్షల 90 వేలు.

మా ఆయనకు మొదటిది కావాలి. నేను రెండోదంటున్నాను. నిజం చెప్పాలంటే ఆ టాయిలెట్ చూశాక నాకూ మొదటిదే నచ్చింది. కానీ దాన్ని తగిలించుకుని భాకరాపేట ఘాటు దిగడం తలుచుకుంటేనే టెన్షన్. మేం ఎక్కువగా వెళ్లేది తలకోన, హార్స్‌లీ హిల్స్. వాడినవాళ్లు చెప్పండి.

చిత్తూరు_బాడీషెడ్:

అక్కా, నేను 22 ఏళ్లుగా లారీ బాడీలు కడుతున్నాను. అమ్మేవాడు చెప్పిన బరువు పక్కన పెట్టి ముందు కాటా వేయించండి. ఎలాగో చెప్తాను.

ట్రెయిలర్‌ను బండి నుంచి విప్పి, మొత్తం వేబ్రిడ్జి పలక మీద నిలబెట్టి ఒక చీటీ తీసుకోండి. తర్వాత కొంచెం ముందుకు జరిపి, చక్రాలు పలక మీద, ముందున్న జాకీ కాలు పలక బయట ఉండేట్టు పెట్టి ఇంకో చీటీ తీసుకోండి. రెండు చీటీల తేడానే ముక్కు బరువు, అంటే మీ బండి కొక్కెం మీద పడేది. అది మొత్తంలో నూటికి 10 నుంచి 15 ఉండాలి. తక్కువైతే కాస్త స్పీడు అందుకోగానే ట్రెయిలర్ తోక ఊపుతుంది. ఒకసారి ఊపు మొదలయ్యాక స్టీరింగు తిప్పి సర్దుకుందామంటే కుదరదు. మరీ ఎక్కువైతే బొలెరో వెనక కుంగి ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది.

1,050 నిజమే అనుకుందాం. 60 లీటర్ల నీళ్లు పోస్తే 60 కిలోలు. ఇంటి గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, బండతో కలిపితే 30 దాకా వస్తుంది. బ్యాటరీ, పరుపులు, గిన్నెలు, బియ్యం, మీ అత్తయ్య కుర్చీ అన్నీ కలిపితే 1,300 చూపిస్తుంది. మీ బండిది 75 హార్స్‌పవర్. లాగదా అంటే లాగుతుంది, కానీ మీ భయంలో న్యాయముంది. ఘాటులో ఎక్కడం కాదు, దిగడం చూసుకోవాలి. బ్రేకు లేని ట్రెయిలర్ దిగినంతసేపూ వెనకనుంచి నెడుతూనే ఉంటుంది. ఓవర్‌రన్ బ్రేకు ఉందేమో కనుక్కోండి. బండి నెమ్మదించగానే ట్రెయిలర్ ముందుకు తోసుకొస్తుంది కదా, ఆ తోపుకే ముందు కడ్డీ లోపలికి జరిగి దాని బ్రేకు అదే పడుతుంది. అది లేకుంటే నేనైతే ఊరికే ఇచ్చినా తీసుకోను.

టైర్ల మీద గీతలు చూసి మోసపోవద్దు. పక్కన నాలుగు అంకెలుంటాయి. 3116 అని ఉంటే 2016లో 31వ వారం తయారైనట్టు. ట్రెయిలర్ టైర్లు అరిగిపోకముందే ఎండకు పగిలిపోతాయి.

ఇంకోటి, పేపర్లు అక్కర్లేదని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రెయిలరూ మోటారు వాహనమే. బండితో వచ్చిన పుస్తకంలో ట్రెయిలర్ లాగడం గురించి ఏం రాశారో కూడా చదవండి.

కొర్లగుంట_రాజు:

అమ్మా, అన్నీ సరే, 16 అడుగులది బైరాగిపట్టెడ సందుల్లో ఎక్కడ పెడతారు? మా వీధిలో ఆల్టో తిప్పడానికే ముగ్గురు దిగాలి.

డాలస్_నుంచి_తిరుపతి:

నేను ఆరేళ్లు డాలస్‌లో ఉండి వచ్చాను. అక్కడ 26 అడుగుల బంక్‌హౌస్ ట్రెయిలర్ వాడాం. బ్రోషర్‌లో డ్రై వెయిట్, అంటే ఖాళీ బరువు చూసి కొన్నాం. మా ట్రక్కు లాగగలిగే బరువుకు చాలా లోపే ఉంది కాబట్టి సంబరపడ్డాం. తీరా చూస్తే డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఇంకో లెక్క ఉంది: బండిలో మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని. కొక్కెం మీద పడే బరువు కూడా అందులోకే వస్తుంది. నలుగురం ఎక్కి, వెనక కట్టెలు, సైకిళ్లు వేసేసరికి అది నిండిపోయింది. మీరు ఐదుగురు. ఈ లెక్క మీ బొలెరోకు కూడా వేయండి.

టాయిలెట్ సంగతి. అక్కడ క్యాంప్‌గ్రౌండ్‌లో ప్లగ్గు పెడితే 30 ఆంపుల కరెంటు, పైపు తగిలిస్తే నీళ్లు వస్తాయి. వెళ్లేటప్పుడు డంప్ స్టేషన్‌లో ట్యాంకు ఖాళీ చేసి కడుక్కుంటాం. అది ఎవరికీ ఇష్టమైన పని కాదు, మా ఇంట్లో నా వంతే. తలకోన దారిలో మీరు దాన్ని ఎక్కడ ఖాళీ చేస్తారు? ఆ జవాబు దొరకనంతవరకు అది టాయిలెట్ కాదు, మూత ఉన్న సమస్య. చేత్తో మోసుకెళ్లి ఇంటి టాయిలెట్లో పారబోసుకునే చిన్న పోర్టబుల్ రకం మేలు.

పాతది చూడ్డానికి వెళ్తే లోపల మూలలు, కిటికీ కింద చెక్క బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా ఉంటే నీళ్లు దిగినట్టే. కొత్త రంగు వేశారంటే ఇంకా గట్టిగా నొక్కండి.

మదనపల్లె_శారదక్క:

మాకు మడతపెట్టేదే ఉందమ్మా, నాలుగేళ్లుగా. దాని మంచిచెడ్డలు చెప్తాను.

రెండు పక్కలా వచ్చే మంచాలు నా నడుమెత్తులో ఉంటాయి. మీ అత్తయ్య ఎక్కలేదు, ఎక్కినా రాత్రి దిగలేదు. మధ్యలో బల్ల, సోఫా ఉంటే ఆ బల్ల దించితే మంచమవుతుందేమో అడగండి. మా అమ్మ దాని మీదే పడుకుంటుంది, కాళ్లు నేలకానుతాయి.

అసలు చాకిరీ కాన్వాస్‌తో. తడిసినదాన్ని మడిచి తెచ్చామంటే ఇంటికి రాగానే మళ్లీ విప్పి ఆరబెట్టాలి. మొదటి ఏడాది నవంబరులో హార్స్‌లీ హిల్స్ నుంచి తడిదే మడిచి తెచ్చాం. ఆ వారమంతా ముసురు, నేనూ బద్ధకించాను. ఐదో రోజు తెరిస్తే ఊరగాయ జాడీలో బూజులా నల్ల చుక్కలు. నిమ్మకాయ, ఉప్పు, ఎండ అన్నీ అయ్యాయి, ఆ చుక్కలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. తిరగడానికి చల్లగా ఉండేదీ అప్పుడే. కాబట్టి ఆరబెట్టే చోటు చూసుకుని కొనండి.

రివర్స్ గురించి భయపడొద్దు. చెయ్యి స్టీరింగు అడుగున పెట్టుకోండి. చెయ్యి ఎటు జరిపితే ట్రెయిలర్ వెనక భాగం అటే పోతుంది. మా ఆయన నెల రోజులు నేర్చుకున్నాడు, నేను ఒక ఆదివారం.

తలకోన శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కులోది. అటవీశాఖ వాళ్లను అడక్కుండా రాత్రి ఆగొద్దు. పలమనేరు వైపు కౌండిన్య అడవి పక్కన అయితే అసలే వద్దు, ఏనుగులు తిరుగుతాయి.

బైరాగిపట్టెడ_కోడలు:

అందరికీ థాంక్స్. ఆదివారం పెద్దదాన్ని కాటాకు తీసుకెళ్లాం. అమ్మేవాడు మొహం మాడ్చుకున్నాడు గానీ వచ్చాడు. ఖాళీగానే 1,240. ముక్కు బరువు 70, అంటే నూటికి ఆరు కూడా లేదు. టాయిలెట్, నీళ్ల ట్యాంకు రెండూ వెనకే కదా. "ముందు రెండు బియ్యం బస్తాలు వేసుకోండి మేడమ్, సరిపోతుంది" అన్నాడు. బ్రేకు సంగతి అడిగితే మాట మార్చాడు. కిటికీ కింద మా అబ్బాయి నొక్కాడు, వేలు దిగింది. మా ఆయన అక్కణ్నుంచి ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

మడతపెట్టేదే తీసుకున్నాం. మధ్యలో బల్ల దించితే మంచమయ్యేట్టు ఉంది శారదక్కా, అత్తయ్యను షోరూములోనే పడుకోబెట్టి చూశాం. ఆరబెట్టడానికి చంద్రగిరిలో మా చిన్నాన్న వాళ్ల రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. రాజన్నా, ట్రెయిలర్ ఉండేదీ అక్కడే. బాడీషెడ్ అన్నా, కొత్తదాన్నీ కాటా వేయించాను. 480 అన్నది 515 వచ్చింది. బ్రేకు ఉంది, కొక్కెం మీద 60.

మొదటి రాత్రి దామలచెరువు దగ్గర చుట్టాల మామిడి తోటలో పడుకున్నాం. విప్పి నిలబెట్టడానికి గంట పట్టింది, అందులో అరగంట పోట్లాట. వచ్చే నెల హార్స్‌లీ హిల్స్. అత్తయ్య అప్పుడే ఆవకాయ జాడీ, రోలు పక్కన పెట్టింది. రోలు వద్దని చెప్పలేక కాటా పుస్తకంలో రాసుకున్నాను: జాడీ 4, రోలు 11.