హాలుకి పద్నాలుగు డౌన్‌లైట్లా, రెండు ట్యూబ్ లైట్లా?

ఖమ్మం_కొత్తిల్లు:
మా ఇంటికి స్లాబ్ పడింది, గోడలు లేచాయి, ప్లాస్టరింగ్‌కి ముందు వచ్చే వారం కరెంటు పైపులకి గాడులు కొడతారు. హాలు 14 బై 16 అడుగులు. ఇంటీరియర్ అతను ఫాల్స్ సీలింగ్ వేసి 12 వాట్ల డౌన్‌లైట్లు (సీలింగ్‌లో రంధ్రం కోసి బిగించే చిన్న లైట్లు) పద్నాలుగు పెడదామంటున్నాడు, నాన్నేమో గోడకి రెండు ట్యూబ్ లైట్లు చాలు, ఆ డబ్బుతో బోరు వేయించు అంటున్నారు. మీరేమంటారు?

పాతకాపు:
నాన్నగారి మాట వినండి. మేం ఫాల్స్ సీలింగ్ వేయించి నాలుగేళ్లు, ఐదు డౌన్‌లైట్లు పోయాయి. లోపల డ్రైవర్, అంటే LEDకి కరెంటు సరిచేసి ఇచ్చే చిన్న డబ్బా, పోతుంది, కొత్తది కొందామంటే అదే మోడల్ దొరకదు, వేరేది తెస్తే సీలింగ్‌లో కోసిన రంధ్రానికి సరిపోదు. ట్యూబ్ లైట్ అయితే స్టూలెక్కి నేనే మార్చుకుంటా.

విశాఖ_వెలుగు:
పాతకాపు గారూ, డ్రైవర్ సంగతి నిజమే, కొనేటప్పుడే రెండు మూడు లైట్లు ఎక్కువ తీసుకుని దాచుకోవాలి. కానీ ఎన్ని లైట్లు అనే అడుగుతున్నాం, ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుని ఏం చేస్తారో అడగట్లేదు. 12 వాట్ల డౌన్‌లైట్ ఒక్కోటి సుమారు వెయ్యి ల్యూమెన్లు (వెలుగు కొలత), పద్నాలుగైతే 14 వేలు, ఆ హాలుకి అది ఆఫీసు వెలుగు. 20 వాట్ల ట్యూబులు రెండైతే నాలుగు వేలు, కబుర్లకి చాలు, పేపర్ చదవాలంటే మాత్రం కుర్చీ పక్కన ఇంకోటి ఉండాలి.

మా వంటింట్లో లైటు సీలింగ్ మధ్యలో ఒక్కటే పెట్టించాం. అమ్మ గట్టు దగ్గర నిలబడితే వెలుగు వీపు మీద పడి ఆవిడ నీడే కూరల మీద పడేది, వంకాయ కోస్తే పుచ్చో కాదో కనపడక ఒక్కో ముక్కా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసుకునేది. గృహప్రవేశం అయ్యాక అల్మరా కింద పొడుగు లైటు బిగించాం, అక్కడ పాయింట్ లేక టైల్స్ మీద ప్లాస్టిక్ పట్టీలో వైరు లాగాం, ఇప్పటికీ ఆ పట్టీకి జిడ్డు పడుతూనే ఉంటుంది, అమ్మ తుడుస్తూనే ఉంటుంది.

అందుకే గట్టు పైన, అద్దానికి రెండు పక్కలా, మంచం తలవైపు పాయింట్లు ఇప్పుడే తీయించండి. మెట్లకీ పడగ్గదికీ టూ వే స్విచ్ (ఒకే లైటుని రెండు చోట్ల నుంచి వేసి ఆర్పేది), గదికో లైటు ఇన్వర్టర్ లైన్‌కి. స్విచ్ బాక్సుల్లోకి న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే) వైరు కూడా లాగించండి, స్మార్ట్ స్విచ్‌లు చాలావాటికి అది కావాలి. వెలుగు రంగు పడగ్గదికి 3000 కెల్విన్ (పసుపు ఛాయ), వంటింటికి 4000 (తెలుపు).

పాతకాపు:
వంటింటి మాట ఒప్పుకుంటా. 3000 మాత్రం ఒప్పుకోను అండీ, ఆ పసుపు వెలుగులో మా అమ్మకి మందుల షీటు మీద అక్షరాలు కనపడవు.

విశాఖ_వెలుగు:
పెద్దవాళ్ల కళ్లకి వెలుగు ఎక్కువ కావాలి, రంగు ఒక్కటే మార్చితే చాలదు. మందులు పెట్టే చోట 4000ది ఒకటి విడిగా పెట్టండి, పడుకునే వేళకి 3000 ఉండనివ్వండి.

ఖమ్మం_కొత్తిల్లు:
సీలింగ్ సంగతి తర్వాత చూస్తా, పాయింట్లు ముందు తీయిస్తా. రేపు పొద్దున అమ్మని సైట్‌కి తీసుకెళ్లి గట్టు వచ్చే చోట నిలబెట్టి, గోడ మీద సుద్దముక్కతో గుర్తులు పెడతా.